అరగని పరుగు

బండి బిట్రగుంట యార్డు దాటి ఇంకా వేగం అందుకోలేదు, ప్రమీల నా చెవి దగ్గరికి వంగి ఆ మాట చెప్పింది. "టీచరమ్మా, పొద్దున్నే దూరమైనాను. అమ్మకు చెప్పలా." చెప్పేసి నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. దూరం కావడమంటే వాళ్ల ఇళ్లలో నెలసరి రావడం. సరే, వచ్చింది, ఆడపిల్ల అన్నాక రాక మానుతుందా, గుడ్డ సరిగా పెట్టుకుందో లేదో అడుగుదామని అటు తిరిగేసరికే నోరు కాస్త తెరుచుకుని గాఢంగా నిద్ర. నన్ను ఆశ్చర్యపరిచింది ఆ మాట కాదు, ఈ నిద్ర. ఇంకాసేపట్లో నెల్లూరులో అర మైలు పందెం పరుగెత్తాల్సిన పిల్ల, కాళ్లు ఆడిస్తూ, కిటికీలోంచి తల బయటపెట్టి కంట్లో బొగ్గు నలుసు పడిందని గోల చేస్తూ, ఆ ఊరేది ఈ వాగేది అని నన్ను కొరుక్కు తినాల్సిన పిల్ల, పెట్టె ఇంతగా కుదుపుతున్నా కళ్లు తెరవడం లేదు. పందెం రోజు పొద్దున నిద్ర పట్టే పిల్లను ఇన్నేళ్లలో నేను చూడలేదు. చెయ్యి తీసుకుని మణికట్టు మీద వేళ్లు పెట్టాను. పిల్లలు దగ్గరికొస్తే తల నిమరడం అందరికీ అలవాటు, నాకు నాడి చూడడం అలవాటు. నాడి కొట్టుకుంటోంది, కొట్టుకోకేం, కానీ నిద్రపోతున్న పిల్ల నాడిలా లేదు, గ్రౌండు చుట్టూ ఇప్పుడే తిరిగొచ్చిన పిల్ల నాడిలా గబగబా ఉంది.

ఒళ్లు వేడిగా లేదు. జ్వరం కాదు. భయమా అంటే భయపడే మనిషికి నిద్రెట్లా పడుతుంది? రైలు మెల్లగా సరుగుడు తోటల పక్కకు వచ్చింది, సముద్రపు గాలి కిటికీలోంచి కొట్టి నా కొంగు ఎగిరి ప్రమీల మొహం మీద పడింది, తీసేశాను, అప్పుడూ కదల్లేదు. ఇవాళ జిల్లా ఎంపిక. మొదట వస్తే హైదరాబాదులో రాష్ట్ర పోటీలకు పోతుంది, అక్కడ నలుగురి కళ్లలో పడితే వ్యాయామ కాలేజీలో సీటు, స్టైపెండు, ఆ తర్వాత నాలాగా మెళ్లో విజిలు, ఒకరి మీద ఆధారపడని బతుకు. రాకపోతే వాళ్ల నాయన పద్మనాభయ్య మాట ఒకటుంది. వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, గొంతు పెంచకుండా అన్నాడు ఆయన: "ఈ ఒక్క పందెం చూస్తానమ్మా. గెలిస్తే ఇంక మీ ఇష్టం. గెలవకుంటే బడీ వద్దు, పరుగూ వద్దు. వరి కయ్యలో పని ఉండాది." కోపంగా అన్న మాటయితే తర్వాత బతిమాలి మార్చుకోవచ్చు. శాంతంగా అన్న మాటను ఏం చేస్తాం? అందుకని నెల్లూరు వచ్చేలోపల నేనొకటి తేల్చుకోవాలి. ఈ పిల్లను గీత మీద నిలబెట్టడమా, మానడమా.

బిట్రగుంటలో నవోమి టీచరంటే కొందరికి తెలుస్తుంది, ఇంజను డ్రైవరు సమాధానం కూతురంటే రైలు షెడ్డు మొత్తానికీ తెలుస్తుంది. బళ్లో నాది డ్రిల్లు. లెక్కల టీచరు చాక్‌పీసు అరిగేదాకా చెబుతుంది, నేను విజిలు పాడయ్యేదాకా ఊదుతాను, జీతంలో మాత్రం ఆవిడ పైన. పోనీ. నా పని పరుగెత్తించడం అని అందరూ అనుకుంటారు, పరుగెత్తించడం ఎవరైనా చేస్తారు, కుక్కను వదిలినా పరుగెత్తుతారు. నా అసలు పని పరుగెత్తాక చూడడం. పొద్దున లేవగానే మెడ పక్కన వేళ్లు పెట్టుకుని నాడి ఎలా ఉందో చూసుకుని రమ్మంటాను. నాలుక చాపమంటాను. అన్నం సహించిందా అని అడుగుతాను. కళ్లు మూసుకుని అడుగుల చప్పుడు వింటాను; మడమ నేలకు బాదితే ఆ పిల్ల ఆ రోజు కాళ్లతో కాదు, మొండితనంతో పరుగెత్తుతున్నట్టు లెక్క. అన్నిటికంటే గట్టి పరీక్ష ఇంకొకటుంది, అది మద్రాసు ట్రైనింగులో ఎవరూ నేర్పలేదు. పిల్లల్ని వరసలో నిలబెట్టి ఒక జోకు చెబుతాను. స్టేషన్ మాస్టరును పెళ్లాం అన్నానికి పిలిస్తే లైను క్లియరుందా అని అడిగాడట. పాత జోకే, అందులో నవ్వడానికేమీ లేదు, అయినా ఒంట్లో సత్తువున్న పిల్ల కిసుక్కుమంటుంది. నవ్వని పిల్లకు ఆ రోజు పరుగు సగం కోసేస్తాను. హెడ్మిస్ట్రెస్ ఒకసారి అడిగింది, "ఏమ్మా నవోమీ, ఇదేం శాస్త్రం?" అని. నవ్వేదానికి కూడా ఊపిరి మిగలని పిల్లకు పరిగెత్తేదానికి యాడ మిగులుతుందమ్మా అన్నాను.

ప్రమీలను మొదట పట్టింది పరుగు చూసి కాదు. ఊరు రైలు కట్టకు అవతల, రోజూ ఆలస్యం, రోజూ కట్ట వెంబడి పరుగెత్తుకుంటూ వచ్చేది. హాజరు నేను పిలుస్తున్నాను, గుమ్మంలో అడుగుపెట్టింది, పేరు పిలిచాను, "ప్రెజెంట్ మేడమ్" అంది. మామూలు గొంతు. రొప్పు లేదు, ఆయాసం లేదు, అప్పటిదాకా అరుగు మీద కూర్చుని ఉన్న మనిషి గొంతు. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. వేగంగా పరుగెత్తే పిల్లలు ప్రతి బళ్లోనూ ఉంటారు, పరుగాపగానే గుండె ఇంత తొందరగా సద్దుకునే పిల్ల ఎక్కడో ఒకతె పుడుతుంది. చైనా గలాటా వచ్చిన ఏడు అది, పిల్లలందరూ యుద్ధ నిధికి గాజులు తీసిస్తున్నారు, ఈ పిల్ల చేతికి ఇవ్వడానికి మట్టిగాజులు తప్ప ఏమీ లేవు, ఆ చేతినే పట్టుకుని నాడి చూశాను. ఎంత నిదానంగా ఉందో. నాకు ఆ రోజు అన్నం తినబుద్ధి కాలేదు, సంతోషంతో.

అల్లూరు రోడ్డులో బండి ఆగింది. ఎవరో రొయ్యపొట్టు గంప ఎక్కించారు, పెట్టెంతా ఆ వాసన, ప్రమీల ముక్కు ముడుచుకుని మళ్లీ నిద్రలోకి పోయింది. పక్కన కూర్చున్న పెద్దమనిషి ముక్కుకు తుండుగుడ్డ కట్టుకుని నా వైపు చూశాడు, ఆ గంప నాదైనట్టు. చూడనీ. ఆ ఏడాదంతా పిల్లకు పరుగు పెంచుతూ పోయాను, సరుగుడు తోటల ఇసకదారిలో, గ్రౌండులో, మళ్లీ ఇసకలో. రోజు రోజుకీ తేలికవుతోంది. అయితే ఒక చిత్రం గమనించాను. నెలనెలా కొన్ని రోజులు బడికి రాదు, వచ్చిన రోజున మాత్రం గ్రౌండును చీల్చుకుపోతుంది. తన పరుగుల్లో మంచివన్నీ అలా మానేసి వచ్చిన మర్నాటివే. ఇంట్లో ఏం చేస్తారే నిన్ను అని అడిగితే తల వంచుకుంది. ఎలిశబెతు అని తన స్నేహితురాలు చెప్పింది, దూరం కూర్చోబెడతారు టీచర్, ఎవరూ ముట్టుకోరు అని. ఓహో, ఇదా సంగతి అనుకున్నాను. అవమానంతో ఒళ్లు మండి, ఆ కసినంతా గ్రౌండులో తీర్చుకుంటోంది పాపం అనుకున్నాను. కారణం కళ్ల ముందే ఉంటే నేను ఎక్కడో కసిలో వెతికాను. కసి నాకు బాగా తెలిసిన వస్తువు మరి.

వాళ్లింటికి పోయాను, పోకుండా ఎట్లా ఉంటాను. దూడను కట్టేసే వసారాలో ఒక మూల చిరిగిన చాప, సత్తు గిన్నె, ఆ చాప మీద నా పరుగుల పిల్ల మోకాళ్లు ముడుచుకుని పడుకుని ఉంది. నన్ను చూసి లేచి కూర్చుంది, సిగ్గుతో చచ్చిపోయింది. వాళ్లమ్మ చెంచమ్మ చేటతో బియ్యం చెరుగుతోంది. "ఏంది చెంచమ్మా, పిల్లను దూడతో కలిపి కట్టేసినావు?" అన్నాను. ఆవిడేమీ తడబడలేదు. "కట్టేసేదేందమ్మా. దూరం కూర్చున్నాది. మా ఇంటి పద్ధతి." నేను ఊరుకోలేదు, దేవుడు చేసిన ఒంటికి అంటేమిటి, మైలేమిటి, ఏ కాలంలో ఉన్నారు మీరు అని అరగంట దంచాను. మా అమ్మమ్మ బాప్తిస్మం తీసుకోకముందు తనూ అలాగే కూర్చునేదని ఆవిడకు తెలియకపోవడం నాకు కలిసొచ్చింది. అంతా విని చెంచమ్మ అంది: "మీ చదువుల సంగతి నాకు తెలీదు గానీ టీచరమ్మా, ఆ మూడు దినాలే ఆడదాన్ని ఎవరూ పిలవరు. పొయ్యి కాడికి రాబాకంటారు, బాయి కాడికి రాబాకంటారు, నారు ముట్టుకోబాకంటారు. నేనయితే ఎప్పుడొస్తాయా అని ఎదురుచూస్తా ఉంటా." అని నవ్వింది. ఆ నవ్వు చూసి, అజ్ఞానం, అనుకున్నాను. నవ్వును కొలిచే దాన్ని, ఆ ఒక్క నవ్వును కొలవలేదు.

వాదనలో నేను ఓడిపోయే రకం కాదు. నెల తిరక్కముందే గెలిచాను. చాప తీసేశారు, ఆ రోజుల్లో కూడా పిల్ల గ్రౌండుకు వచ్చింది, చర్చిలో ఆడవాళ్ల కూటంలో నేనీ సంగతి సాక్ష్యంలా చెప్పుకున్నాను, అందరూ స్తోత్రం అన్నారు. పద్మనాభయ్యకూ అభ్యంతరం లేకపోయింది. ఆయన ఎంత తేలిగ్గా ఒప్పుకున్నాడో చూసి నాకే ముచ్చటేసింది. ఎందుకు ఒప్పుకున్నాడో నాట్లు మొదలయ్యాక తెలిసింది. ఒకసారి పిల్ల మోకాళ్ల దాకా బురదతో గ్రౌండుకు వస్తే, ఈ రోజుల్లో కూడా కయ్యలోకి దింపారా అని అడగడానికి పోయాను. ఆయన ఎప్పట్లాగే శాంతంగా, "గ్రౌండుకు పోయేదానికి లేని అంటు కయ్యలోకి దిగితే వస్తదా టీచరమ్మా?" అన్నాడు. పరుగుకు మైల లేదని నేను గెలిచాక బావికి, పొయ్యికి, నారుకట్టలకు మాత్రం ఎందుకుంటుంది? తెల్లవారకముందు నారు పీకి, బడికి వచ్చి, సాయంత్రం నా ఇసకలో పరుగెత్తి, ఇంటికి పోయి బిందెలు మోసి. ఇంతకుముందూ ఇదంతా ఉంది, కాదని ఎవరన్నారు, కానీ నెలకొకసారి మొత్తం ఆగేది. ఇప్పుడు ఆగడం లేదు.

అంత స్పష్టంగా అప్పుడు అనుకోలేదు, ఇప్పుడు బండిలో అనుకుంటున్నాను. అప్పుడు అనుకున్నదేమిటంటే, పిల్ల బద్ధకిస్తోందని. అడుగు మడమ మీద పడడం మొదలైంది. నాలుక మీద తెల్లటి పొర. నోటి మూలల్లో పుండ్లు. ఎలిశబెతుతో చీటికీ మాటికీ తగువు. స్టేషన్ మాస్టరు పెళ్లాం జోకుకు మొహం అటు తిప్పుకుంది. నా పరీక్షలన్నీ ఒకటే చెబుతున్నాయి, అయినా ఎంపిక దగ్గర పడుతోంది, నాలో ఒక సైతాను కూర్చుంది, నవ్వని పిల్లకు సగం కోసే దాన్ని నవ్వని ఈ పిల్లకు ఇంకా కలిపాను. పరుగు చాలకనే వెనకబడుతోంది అనుకున్నాను. సొంత కొలబద్దను పారేసి ఆశతో కొలవడం మొదలుపెట్టాను. నా చేతి కింద ఇన్నేళ్లుగా పరుగెత్తిన పిల్లలందరూ పెళ్లిళ్లు చేసుకుని పోయారు, ఒక్కతె, ఒక్కతెనైనా బయటికి పంపిద్దామని, ఆ పిల్ల బయటికి పోతే నేను కూడా ఎంతో కొంత పోయినట్టేనని. చెప్పుకోవడానికి బాగుండదు గానీ అదే.

తలమంచి. ఇక్కడ బండి ఎందుకాగుతుందో ఎవరికీ తెలియదు. టికెట్లు చూసే హజరత్తయ్య ఎక్కాడు, నాన్న స్నేహితుడు, రిటైరయ్యే వయసు, నల్లకోటు మోచేతుల దగ్గర తెల్లబడింది. నన్ను చూసి నవ్వి, నా వేళ్లు పిల్ల మణికట్టు మీద ఉండడం చూసి ఆగాడు. "ఏందమ్మా నవోమీ, పిల్లకు ఒంట్లో బాగలేదా?" అదేం లేదు, పరుగు పందేనికి తీసుకుపోతున్నా, బాగా పరుగెత్తుతుంది, ఎందుకో ఇలా పడి నిద్రపోతోంది అన్నాను. ఆయన టికెట్టుకు చిల్లు కొడుతూ, పెద్దగా ఆలోచించకుండా, ఎవరైనా అనే మాటే అన్నాడు: "నిద్ర పోనీమ్మా. పరిగెత్తిందంతా అరగాల గదా." అని పక్క వరసకు పోయాడు, రొయ్యపొట్టు గంపకు లగేజీ టికెట్టేదని అక్కడ తగువు మొదలైంది.

అరగాల. చెంచమ్మ బడి గేటు దగ్గరికి వచ్చిన రోజు గుర్తొచ్చింది. ఒళ్లో గెనుసుగడ్డలు కట్టుకుని వచ్చింది, లోపలికి రమ్మంటే రాలేదు, గేటు పట్టుకుని నిలబడి, "బిడ్డకు అరగతా లేదు టీచరమ్మా. మీరు రొంత తగ్గించండి" అంది. అదెంత పని అన్నాను. ఇంట్లో వాము ఉంటే నీళ్లు కాచి ఇవ్వు, లేకుంటే నా దగ్గర ఉంది అని పొట్లం కట్టిచ్చాను. ప్రమీలను పిలిచి రాత్రిపూట అన్నం తగ్గించి మజ్జిగ తాగమన్నాను. చెంచమ్మ వాము పొట్లం చేతిలో పట్టుకుని, టీచరమ్మకు తెలియదా అనుకుందేమో, కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. ఆవిడ తగ్గించమన్నది అన్నం కాదు! దేవుడా. ఆవిడ చెప్పింది పరుగు గురించి. పెట్టిన పరుగు పిల్లకు అరగడం లేదు, తగ్గించండి అని ఒక తల్లి గేటు దగ్గరికొచ్చి అడిగితే, నేను పరుగు అలాగే ఉంచి తిండి తగ్గించాను. నేను చెప్పానని ఆ పిల్ల తగ్గించుకుంది కూడా. నేను ఏం చెబితే అది చేస్తుంది, అదే దాని జబ్బు. పక్క వరసలో వాళ్లు ఎవరో అరిచినట్టు నా వైపు తిరిగి చూశారు, నేను పైకే ఏదో అన్నట్టున్నాను.

నవ్వొచ్చింది, నిజం చెప్పాలంటే. వాము! రోజూ పొద్దున పరగడుపున వాము నీళ్లు తాగి వచ్చి ఇసకలో పరుగెత్తేది. నాన్న ఉంటే కడుపు పట్టుకుని నవ్వేవాడు, తర్వాత తిట్టేవాడు. ఇంజను కడిగే రోజున నాన్న దాని పక్కనే తచ్చాడేవాడు, ఒంట్లో బాగాలేని మనిషిని చూడవచ్చినట్టు. బాయిలరు చల్లారకుండా చన్నీళ్లు పొయ్యబాకండిరా, పగులుతుంది అని కుర్రాళ్ల మీద కేకలు వేసేవాడు. ఎంత అర్జంటు గూడ్సు ఉన్నా ఆ రోజు ఆ ఇంజను కదిలేది కాదు, పెద్ద దొర చెప్పినా కదిలేది కాదు. ఇనప ముక్కకు అంత మర్యాద ఉంది. నాకు మద్రాసులో ట్రైనింగప్పుడు నెలసరి పూర్తిగా ఆగిపోయింది, చాలా నెలలు. పీడా పోయింది, ఒక అడ్డు తప్పింది అనుకున్నాను, ప్రభువుకు వందనాలు కూడా చెప్పుకున్నాను. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. పడుకో అని నాతో అన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఆలోచిస్తే అమ్మ పోయాక ఎవరూ గుర్తు రావడం లేదు. అలాగని ఆ దూడల వసారా మంచిదంటానా? అనను. దూరం నుంచి గిన్నెలోకి అన్నం పడేయడం మంచిదంటానా? చచ్చినా అనను. ఆ మూలలో అవమానమూ ఉంది, విశ్రాంతీ ఉంది, ఒకే చాప మీద రెండూ పడుకుని ఉన్నాయి, నేను పోయి చాప లాగేశాను. అవమానం పోయింది, రెండోది కూడా పోయింది, దాని బదులు ఇంకేదైనా పరవాలని ఎవరికీ తోచలేదు. ఆ ఇంట్లో నా అంత చదువుకున్న వాళ్లెవరూ లేరు, నాకే తోచాలి.

కొడవలూరు పోయింది. పచ్చటి కయ్యల్లో ఆడవాళ్లు వంగి ఉన్నారు, రైలు చూడడానికి ఒక్కరు కూడా నడుమెత్తలేదు. ఇప్పుడేం చేయాలి? నిలబెడితే? నిలబెట్టి చూడొచ్చు. కొంతమంది పందెం గీత మీద నిలబడగానే ఎక్కడి నుంచో తెచ్చుకుంటారు. ఈ పిల్ల కూడా మొదటి సగం తెచ్చుకుంటుంది, నేనున్నాను కదా చూస్తూ. రెండో సగంలో, ఆ మలుపు దగ్గర, మడమలు బాదుకుంటూ, మెడ పక్కకు వాల్చి. నాకు అడుగడుగూ కనిపిస్తోంది. పడిపోతుంది లేదా వెనకబడుతుంది. నిలబెట్టకపోతే పద్మనాభయ్యకు అదీ ఓడడమే. ఆయన దగ్గర రెండే గళ్లున్నాయి, గెలుపు, కయ్య. అటు చూసినా పిల్ల చదువు పోతుంది, ఇటు చూసినా పోతుంది, అలాంటప్పుడు పరుగెత్తించి పోగొట్టుకోవడమే నయం కదా అని ఒక మనసు. ఆ మనసు ఎవరిదో నాకు తెలుసు, అది పిల్ల మేలు కోరే మనసు కాదు, స్టాండ్సులో కూర్చుని చూడాలని ఉబలాటపడే మనసు.

పడుగుపాడులో సిగ్నలు ఇవ్వలేదు. ఎదురుగా పెన్న వంతెన, దాని అవతల నెల్లూరు. బండి ఆగిన నిశ్శబ్దానికి ప్రమీల కళ్లు తెరిచింది. చెంప మీద నా రవికె కుట్టు అచ్చు పడింది. కాసేపు ఎక్కడున్నదీ తెలియనట్టు చూసి, తెలిశాక చప్పున సద్దుకుని కూర్చుంది. "వచ్చేసినామా టీచరమ్మా?" ఇంకా లేదే అన్నాను. ఇన్నాళ్లూ దీని నాడి అడిగాను, నాలుకనడిగాను, కాళ్లనడిగాను, దీన్ని మాత్రం ఏమీ అడగలేదని అప్పుడు తోచింది. "ఏమే, పరిగెత్తాలని ఉందా నీకు?" అన్నాను. ఆ ప్రశ్న తనకు అర్థం కాలేదు. పరీక్షలో రాని ప్రశ్న వచ్చినట్టు చూసింది.

"పరిగెత్తతాను టీచరమ్మా. మీరేం దిగులు పడబాకండి."

"గెలుస్తావా?"

"గెలవను గదా." ఇంత నెమ్మదిగా అన్న మాట నేను ఎప్పుడూ వినలేదు. "రాణి మండపం బడి పిల్ల గెలస్తాది. నాకు ఇప్పుడు కాళ్లు రావడంలా. అయినా పరిగెత్తతాను, మీకు మాట రాకుండా. ఓడిపోతే మా నాయన మానిపిస్తానన్నాడు గదా." నాకు నచ్చే కబురే చెబుతున్నట్టు మొహం పెట్టి అంది, "ఇంక అప్పుడు కయ్య ఒక్కటే గదా టీచరమ్మా. సాయంత్రాలు నిద్ర పోవచ్చు."

బండి కదిలింది. వంతెన మీద ఇనుము మోత, కింద ఇసక, ఇసక మధ్య సన్నగా నీళ్లు. నాకు ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, ఆ మోతలో ఎవరికీ వినపడలేదు, ప్రమీల చూసి కంగారుపడి నా కొంగుతోనే నా కళ్లు తుడిచింది. తను ఏదో తప్పు మాట్లాడిందనుకుని ఉంటుంది. ఓడిపోయేదాన్ని గెలిపించడానికి నా దగ్గర ఉపాయాలున్నాయి, ఓడిపోవడం కోసం ఎదురుచూసే పిల్లను నేను తయారు చేస్తానని ఎన్నడూ అనుకోలేదు.

నెల్లూరులో దిగి రిక్షావాళ్ల మధ్య నుంచి నడిపించి, బయటికి కాదు, ఆడవాళ్ల వెయిటింగు రూములోకి తీసుకుపోయాను. గుడ్డ మార్చుకు రమ్మన్నాను. ఇడ్లీలు తెప్పించాను, పందేనికి ముందు తినకూడదు కదా టీచరమ్మా అంది, తిను అన్నాను. పందెం లేదని చెప్పాను. ప్రమీల కళ్లు పెద్దవయ్యాయి. "మరి మా నాయన?" అంది. మీ నాయనతో నేను మాట్లాడతాను, పరిగెత్తనియ్యంది నేను, నువ్వు ఓడలేదు అన్నాను. చెప్పడం తేలిక. ఆయన వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ అంతా వింటాడు, విని, సరేనమ్మా, కయ్యలో పని ఉండాది అంటాడు. బహుశా అంతే అంటాడు. ఇంకో ఏడాది ఇవ్వండి, ఈసారి పరుగు సగమే, నెలనెలా పూర్తిగా మాన్పిస్తాను, కావాలంటే ఆ రోజులు నా ఇంట్లో మంచం మీద పడుకోబెడతాను అని అడుగుతాను. చెంచమ్మ నా పక్కన నిలబడుతుందో లేదో తెలియదు. నిలబడమని అడగడానికి నాకు మొహం ఉందో లేదో అదీ తెలియదు. అయినా అడుగుతాను. అడిగినా దక్కకపోవచ్చు, ఇవాళ ఈ గదిలో నేను పోగొడుతున్నది పిల్లకు మళ్లీ రాకపోవచ్చు, ఆ మాట దాచుకోవడం లేదు.

పొడుగాటి బల్ల మీద ప్రమీల ఒత్తిగిలి పడుకుంది, నా సంచి తలకింద పెట్టాను. ఊరి అవతల గ్రౌండులో ఈ పాటికి పేర్లు పిలుస్తూ ఉంటారు, ఈ పేరు పిలిచినప్పుడు ఎవరూ పలకరు, గీటు పెట్టేసి తర్వాత పేరు పిలుస్తారు. ప్రపంచం మునిగిపోదు. వెయిటింగు రూము ఆయా మగ్దలీనమ్మ చీపురు పట్టుకుని వచ్చి, ఊడవబోయి, పిల్లను చూసి చీపురు గోడకు ఆనించింది. కాసేపటికి బయట గంట కొట్టారు, ఇంజను వచ్చి ఆగిన చప్పుడు, కాఫీ కాఫీ అని కేకలు. మగ్దలీనమ్మ తలుపు తీసి చూసి వచ్చింది.

"బిట్రగుంట బండమ్మా. మీదే గదా? లేపండి, ఎక్కువసేపు ఆగదు."

ప్రమీల వైపు చూశాను.

"పోనీమ్మా," అన్నాను. "తలుపెయ్యి."